ఇంటి గడపయు ఊరి బాటయు

(ఒక పఠనమందిరమునందు జరిగిన సభలో చేయబడిన ప్రసంగ పాఠము)

కొంతకాలముగ మన పట్టణములలో గోడలమీద నొక క్రొత్త లిపి వెలసినది. ఎర్రరంగుతో నొక గీటు, దాని ప్రక్కన నొక అంకె, దానిక్రింద నొక బాణపు గుర్తు. ఈ లిపిని చదువుటకు అక్షరజ్ఞాన మక్కరలేదు. గీటు కీవల నున్నది ఇల్లు. ఆవల నున్నది బాట. ఉదయమున తలుపు తీసి ఆ గీటును చూచుకొన్న గృహస్థునకు మొదట నోట మాట రాదు. పిదప ప్రక్కయింటికి పోయి, వారి గోడమీద గీటు ఎంతలోపలికి వచ్చినదో చూచును. ఆ మీదట వకీలును వెదకుకొనుచు బయలుదేరును.

అట్లు వెదకుకొనుచు వచ్చువారితో మాకు చాలకాలముగ పరిచయము. మెట్రోరైళ్లు, వంతెనబాటలు, వెడల్పుచేయబడు రాజమార్గములు మన నగరములకు వచ్చుచున్న ఈ కాలమున, ఇండ్లవారి ఆక్షేపణలు ఎంతవరకు న్యాయములు, ఎచ్చట అవి స్వార్థములగును, ప్రభుత్వము వానిని వినవలసిన తీరెట్టిది అను ప్రశ్నలు కోర్టుగదులలో మాత్రమే తేలవలసినవి గావు. ఇట్టి పఠనమందిరములలో తేలవలసినవి. అందుచేతనే నేడు ఈ విషయమును మీముందు పెట్టుచున్నాము.

ఈ వివాదమున మాటలాడువారు తరచుగ ఒక్క మనుష్యునే చూతురు. ఇంజనీర్లకు కనబడువాడు ప్రయాణికుడు. ఇండ్లవారి సంఘములకు కనబడువాడు గృహస్థుడు. మేము వృత్తిరీత్యా ఇరువురను ఎరుగుదుము. ఒకనాటి ఉదయము మా కార్యాలయమునకు ఒక వృద్ధురాలు వచ్చి, ముప్పది గజముల యింటి కాగితములను చీరచెంగున మూటగట్టి తెచ్చి, "నాయనా, ఇది పోతే నే నెక్కడ చావను?" అని యడిగెను. ఆమెకు సమాధానము చెప్పుచుండగనే మా గుమాస్తా వచ్చి చేరెను. రెండు బస్సులు మారి, రెండు గంటలు నిలుచుండి ప్రయాణముచేసి ఆలస్యముగ వచ్చినందుకు అతడు క్షమాపణ చెప్పుకొనుచుండెను. ఆ వృద్ధురాలి యిల్లు ఉన్నవీధియే అతని బస్సు చిక్కుకొను వీధి. ఆ క్షణమున మాకు తోచినది ఇది: ప్రజ లనగా ఈ ఇద్దరును. ఒకరిని ప్రజ యనియు రెండవవారిని అడ్డంకి యనియు పిలుచు వాదము ఏ పక్షమునుండి వచ్చినను అర్ధసత్యమే.

చరిత్రను కొంచెము చూతము. రైలుబాటకు భూస్వాములు అడ్డుపడుట ఆ బాటలంత పాతది. ఇంగ్లండులో లండను, బర్మింగ్‌హాము నగరములను కలుపు రైలుమార్గపు బిల్లు 1832లో కామన్సు సభను దాటి ప్రభువుల సభలో కూలిపోయెను. ఆ సభలోని ప్రభువులే భూములుగల దొరలు. మరుసటి సంవత్సరము, 1833లో, అదే బిల్లు నెగ్గెను. నడుమ జరిగిన మార్పు వేరేమియు గాదు. భూములవారికి హెచ్చుమొత్తములు ముట్టజెప్ప నంగీకరించిరి. అనగా, శాసనసభలో కూర్చున్నవాని ఆక్షేపణకు విలువ దొరకినది.

మన దేశమున నట్లు జరుగలేదు. 1853లో బొంబాయినుండి ఠాణాకును, 1856లో మదరాసు రాయపురమునుండి వాలాజాకును రైళ్లు నడచెను. భూమి నిచ్చిన రైతునకు శాసనసభయు లేదు, ఓటును లేదు. పరప్రభుత్వము 1894లో భూసేకరణచట్టమును చేసెను. ఆ చట్టమున ప్రజోపయోగ మనగా ప్రభుత్వము ప్రజోపయోగమని చెప్పినదే. సేకరణయే వలదని చెప్పుకొను హక్కు అందు మొదట లేనేలేదు; 1923లో ఒక సవరణముచే చేర్చబడినది. దానినైనను 'తొందర' యను ఒక్క మాటతో త్రోసిపుచ్చుటకు వేరొక సెక్షను సిద్ధముగ నుండెను.

ఇందు మనము సిగ్గుపడవలసిన సంగతి యొకటి కలదు. దొరలు పోయిరి, చట్టము పోలేదు. స్వరాజ్యము వచ్చిన 1947 నుండి 2013 వరకు, అరువదియారు సంవత్సరములు, మన ప్రభుత్వములు మన ప్రజల ఇండ్లను ఆ చట్టముతోనే తీసికొనెను. రాజ్యాంగమున మూలహక్కుగ నుండిన ఆస్తిహక్కు 44వ సవరణముచే 1979 జూనునుండి ఆ స్థానమును కోల్పోయి, 300ఎ అధికరణమునందు చట్టబద్ధమైన హక్కుగ మిగిలెను. జమీందారీలను తొలగించుటకు పుట్టిన వాదములు చివరకు ముప్పది గజముల యింటిమీదికిని వచ్చినవి.

అయితే ప్రజాకార్యమునకై ఇల్లు విడుచుట మన ఆంధ్రులకు తెలియని త్యాగమా? 1921లో చీరాల పేరాల ప్రజలు, తమకు అక్కరలేని మునిసిపాలిటీ పన్నులకు లొంగక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లకు తాళములు వేసి ఊరివెలుపల రామనగరమున పందిళ్లు వేసికొని పదునొకండు మాసములు కాపురముండిరి. ఎండకును వానకును ఓర్చిరి. ఇల్లు విడుచుట ఎంత కష్టమో వారికంటె ఎవరికి తెలియును? అయినను వారు విడిచిరి. ఏలయన, విడువుమని వారిని ఎవ్వరును ఆజ్ఞాపించలేదు. వారే సభ చేసికొని, వారే నిశ్చయించుకొనిరి. ప్రజలు త్యాగమునకు వెనుదీయుదు రని చెప్పువారు ఈ కథను మరచినవారు. త్యాగము అడిగి పుచ్చుకొనవలసినది. అడుగక పుచ్చుకొన్నచో దాని పేరు వేరు.

ఇక మన కండ్లయెదుటి ఉదాహరణమునకు వత్తము. హైదరాబాదు మెట్రోరైలునకు ఒప్పందము 2010లో జరిగెను. 2017 నవంబరు 28వ తేదీన తొలిభాగము ప్రారంభమై, 2020 ఫిబ్రవరి 7వ తేదీన జూబిలీ బస్సుస్టేషను నుండి మహాత్మాగాంధీ బస్సుస్టేషను వరకు గల భాగము తెరువబడునప్పటికి మూడు మార్గములును కలసి 69 కిలోమీటర్లయ్యెను. ఈ చివరిభాగమే సుల్తాన్ బజారు మీదుగ పోవునది. ఆ బజారు వర్తకులు సంవత్సరములతరబడి ఆక్షేపించిరి. తరతరముల దుకాణములు పోవుననియు, స్తంభముల నీడలో బజారు చచ్చిపోవుననియు వారి మొర. 2014లో మార్గమును మార్చెదమని ప్రభుత్వము పలికెను. తుదకు రైలు ఆ బజారు మీదుగనే పోయెను. మార్చుట మంచిదా, మార్చకుండుట మంచిదా యని మేమిప్పుడు తీర్పు చెప్పబోము. మార్చెదమని ఒకనాడును, మార్చమని మరియొకనాడును చెప్పుట మాత్రము రెంటికంటె చెడ్డది. ఆ నడుమకాలమున దుకాణమును బాగుచేసికొనవలెనో విడిచిపోవలెనో తెలియక కూర్చున్న వర్తకునకు ఏ పరిహారపు పట్టికలోను లెక్క లేదు.

పాతబస్తీ సంగతి ఇంకను ఆలోచింపదగినది. మహాత్మాగాంధీ బస్సుస్టేషను నుండి ఫలక్‌నుమా వరకు అయిదున్నర కిలోమీటర్ల మార్గము మొదటి ప్రణాళికలోనే యుండెను. దారుల్‌షిఫా, శాలిబండల మీదుగ పోవు ఆ యిరుకుబాట ప్రక్కన మసీదులు, ఆషూర్‌ఖానాలు, దేవాలయములు, పురాతన భవనములు, పూర్వీకుల యిండ్లు దట్టముగ నున్నవి. ఆక్షేపణలు లేచెను. మార్గము మార్చవలెనని కొందరు, మార్చరాదని కొందరు వాదించిరి. వాదములు సాగుచుండగనే తక్కిన నగరము 2017లో రైలెక్కెను. పాతబస్తీమార్గమునకు 2024 మార్చి 8వ తేదీన గాని శంకుస్థాపన జరుగలేదు. పిదప దానిని చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించిరి. చదరపు గజమునకు 81,000 రూపాయలని ధర ప్రకటించి, 2025 జనవరిలో చెక్కులు పంచ నారంభించిరి.

ఈ లెక్కను రెండు ప్రక్కలనుండియు చదువవలయును. ఆక్షేపణలవలన కాలము గడచెను, నిజమే. కాని ఆ కాలములోనే, ప్రార్థనామందిరములను కూల్చక స్తంభముల స్థానములను సర్దవచ్చు ననియు, బాట వంపులను మార్చవచ్చు ననియు ఇంజనీర్లే చెప్పిరి. 2024లో సాధ్యమైనది 2012లో ఏల సాధ్యము గాకపోయెను? ఆనాడే వారితో కూర్చుండి పటమును పరచియుండినచో ఇన్ని సంవత్సరములు దండుగ కాకపోవును. రెండవ ప్రక్క: ఈ జాప్యమువలన నష్టపడినవా డెవడు? మోటారుకారు గలవాడు గాదు. శాలిబండనుండి అమీరుపేటకు కూలికిపోవు బీదవాడు. ఇండ్లవారి పేర ఆక్షేపించిన నాయకులలో ఎందరు ఆ కూలివానిని కూడ అడిగి యాక్షేపించిరో వారే చెప్పవలయును.

ఆక్షేపణలు నిర్లక్ష్యముచేయబడినను, అవి ఒకచోటినుండి మరియొకచోటికి త్రోయబడినను ఏమగునో తెలియవలెనన్న కలకత్తాకు పోవలయును. మన దేశమున తొలి మెట్రో 1984 అక్టోబరు 24వ తేదీన నడచినది ఆ నగరముననే. అచ్చటి తూర్పుపడమర మార్గము మొదట సెంట్రల్ స్టేషను మీదుగ నిర్ణయింపబడి, ఇండ్లును దుకాణములును తీయవలసిన చిక్కులవలన ఎస్ప్లనేడు మీదుగ మార్చబడెను. 2019 ఆగస్టు 31వ తేదీన బౌబజారు క్రింద సొరంగము త్రవ్వు యంత్రము భూగర్భజలపు పొరను తాకెను. నీరును మన్నును సొరంగములోనికి జారెను. పైనున్న పాతయిండ్లు బీటలువారి, కొన్ని కూలిపోయెను. వందలకొలది జనులు కట్టుబట్టలతో ఇండ్లు విడిచి హోటళ్లకు చేరిరి. 2022లో మరల ఆ ప్రాంతముననే నీరు చిమ్మి, గోడలు మరల బీటలిచ్చెను. ఆ భాగమున రైలు 2025 ఆగస్టు 22వ తేదీనగాని నడువలేదు. మార్గము మార్చుటచేతనే ఇండ్లు కూలెనని మేము చెప్పజాలము. కాని ఒక వీధివారి ఆక్షేపణను తీర్చుటకు బాటను మరియొక వీధిక్రిందికి త్రోసినప్పుడు, ఆ రెండవ వీధివారిని ఎవరు పిలిచి విచారించిరి అను ప్రశ్న తప్పదు. మా యింటిక్రింది నేల మెత్తనిది, మా గోడలు నూరేండ్లవి అని చెప్పు గృహస్థుని మాట కేవలము మమకారము గాదు. కొన్నివేళల నది ఇంజనీరు చదువవలసిన సాక్ష్యము.

కాబట్టి ఆక్షేపణలన్నియు ఒక జాతివి గావు. మా యనుభవమున అవి మూడు తెరగులు.

మొదటిది, 'మాకు చెప్పలేదు, మాకు ఇయ్యవలసినది ఇయ్యలేదు' అనునది. ఇది న్యాయమైన యాక్షేపణ. దీనిని అభివృద్ధికి అడ్డు అనువాడు అభివృద్ధియనగా దోపిడియని యొప్పుకొన్నవాడు.

రెండవది, 'ఈ మార్గమున అపాయ మున్నది. ఇంతకంటె మేలైన మార్గ మున్నది. ఇచ్చట కూల్చరానిది ఉన్నది' అనునది. ఇది ప్రజాసేవ. దీనిని ఓపికతో వినినచో ప్రభుత్వమునకు ధనము మిగులును, జనులకు ప్రాణము మిగులును.

మూడవది, 'రైలు రావలెను. కాని మా వీధిని రాకూడదు' అనునది. స్టేషను దగ్గరగ నుండవలెను. స్తంభము దూరముగ నుండవలెను. మార్గము ప్రకటితము కాగానే స్థలములధర పెరిగిన సంతోషము మనది. దుమ్ము మాత్రము ప్రక్కవీధివారిది కావలెను. ఈ యాక్షేపణ ఎల్లప్పుడును చినిగిన వస్త్రములు ధరించి రాదు. మొదటి రెండు ఆక్షేపణల వేషము వేసికొని, వృక్షముల పేరను, పురాతనత్వము పేరను, బీదల పేరను వచ్చును. దీనిని గుర్తించుటకు మే మొక పరీక్ష చెప్పుదుము. ఆక్షేపించువానిని ఇట్లు ప్రశ్నింపుడు: 'అయ్యా, మీ యిల్లు కాక మరి యెవరి యిల్లు పోవలయునని మీ మతము?' ఆలోచించి వేరొక మార్గమును, దాని లాభనష్టములను చెప్పువాడు రెండవ తెరగువాడు. 'అది మాకేమి తెలియును' అనువాడు మూడవవాడు.

గాంధీమహాత్ముడు 1909లో హింద్ స్వరాజ్యమున రైళ్లను తీవ్రముగ ఖండించెను. అయినను 1917లో మూడవతరగతి ప్రయాణికుల యిక్కట్లను గురించి దేశమంతటికి తెలియునట్లు వ్రాసినదియు ఆయనయే. రైలు వచ్చిన పిదప అందు నిలుచుండి ప్రయాణముచేయు బీదవాని పక్షమున ఆయన నిలిచెను. మన కొలతబద్దయు అదియే కావలయును. బాట ఎవరికై వేయబడుచున్నది? వేయుటలో ఎవరి నెత్తిన పడుచున్నది? రెండు ప్రశ్నలకును 'బీదవాడు' అనునదియే సమాధాన మైనప్పుడు మిగుల జాగ్రత్తగ నడువవలయును.

ఇప్పుడు చట్టమును గూర్చి కొన్ని మాటలు. ఇవి ఎర్రగీటు పడినవారికి పనికివచ్చునవి గనుక ఓపికపట్టి వినగోరెదము.

2014 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 2013 నాటి భూసేకరణచట్టము పాతదానికంటె చాల మేలైనది. ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 దినములలో ప్రతి హక్కుదారుడును వ్రాతమూలకముగ ఆక్షేపింపవచ్చును. అతనిని స్వయముగ గాని వకీలుద్వారా గాని కలెక్టరు వినవలయును. ధర కట్టునప్పుడు రిజిస్ట్రేషనుశాఖవారి విలువను, చుట్టుప్రక్కల అమ్మకముల సగటును పోల్చి హెచ్చైనదానిని తీసికొనవలయును. అంతియేగాక, దానికి నూటికి నూరువంతు సాంత్వనద్రవ్యము చేర్చవలయును; పాతచట్టమున నిది మొదట 15 వంతులు, 1984 తరువాత 30 వంతులు మాత్రమే. పరిహారము పూర్తిగ ముట్టనిదే స్వాధీనము చేసికొనరాదు. ఇంటిలో నొక భాగమునే తీసికొందు మన్నప్పుడు, మొత్తము ఇంటిని తీసికొనుడని యజమాని కోరవచ్చును. సగము గది, మెట్లులేని మేడ మిగిలినవారు ఈ హక్కును మరువరాదు.

ఇంకొక మాట మిక్కిలి ముఖ్యము. ధర చాలదని తోచినచో సొమ్మును నిరాకరింప నక్కరలేదు. 'ఆక్షేపణతో పుచ్చుకొనుచున్నాను' అని వ్రాసి పుచ్చుకొనవలయును. ఆ మాట వ్రాయక సంతకముచేసినవానికి హెచ్చుపరిహారమునకై పోవు దారి మూసికొనిపోవును. అవార్డు సమయమున హాజరైనవారు ఆరు వారములలోగ కలెక్టరునకు అర్జీ పెట్టుకొనవలయును. ఈ ఒక్క మాట తెలియక లక్షలు పోగొట్టుకొన్నవారిని మే మెరుగుదుము. మెట్రోరైళ్లకు 1978 నాటి ప్రత్యేకచట్టము క్రింద భూమిని తీసికొనుచోట పద్ధతి వేరుగ నుండును. అయినను పరిహారపు లెక్కకు 2015 నుండి 2013 చట్టమే ఆధారము.

అద్దెదారులమాట తరచుగ ఎవరును ఎత్తరు. మూడేండ్లకు పైగ ఆ స్థలముమీదనే జీవనోపాధి గడపుచు, సేకరణచే దానిని కోల్పోవు కుటుంబమును కూడ 2013 చట్టము 'బాధితకుటుంబము'గ లెక్కించినది. దుకాణపు యజమాని చెక్కు పుచ్చుకొని పోవునప్పుడు, అందు ఇరువదియేండ్లుగ కుట్టుమిషను త్రొక్కిన దర్జీ వీధిలో నిలువబడును. అతని పేరు జాబితాలో నుండునట్లు చూచుట ఆ వీధి పెద్దల ధర్మము.

2024 మే 16వ తేదీన సుప్రీముకోర్టు కలకత్తా నగరపాలకసంస్థకు సంబంధించిన యొక వ్యాజ్యమున 300ఎ అధికరణమును విడమరచి చెప్పెను. నోటీసు పొందుట, తన మాట వినబడుట, కారణములతోకూడిన నిర్ణయమును పొందుట, ప్రజోపయోగమునకే సేకరణ జరుగుట, న్యాయమైన పరిహారము, కార్యము సమర్థతతోను నియతకాలమునను జరుగుట, తుదకు అది ముగింపునకు వచ్చుట అను ఏడును ఆ హక్కులోని అంగములే యని న్యాయమూర్తులు తేల్చిరి. నష్టపరిహార మొక్కటి ఇచ్చినంతమాత్రమున అధికారుల బాధ్యత తీరదు. కొన్ని రాష్ట్రములు 2013 చట్టమునకు సవరణములు చేసికొని, సామాజిక ప్రభావ విచారణనుండి కొన్ని నిర్మాణములను తప్పించినవి. ఆ విచారణ కాలహరణమని వారి వాదము. పాతబస్తీ సంవత్సరములను లెక్కించినవారికి ఆ వాదము నిలువదు. ముందు ఆరునెలలు అడుగుటకు ఓపికలేనివారు పిదప పన్నెండేండ్లు ఆగవలసివచ్చినది.

ప్రభుత్వమును ఇంత విమర్శించితిమి; మన తప్పులను కూడ చెప్పుకొందము. ఇల్లు కొనునప్పుడు దస్తావేజులో సగము ధర వ్రాయించుకొని స్టాంపుసుంకము మిగుల్చుకొందుము. ఇంటిమీద గీటు పడినప్పుడు ఆ దస్తావేజులే మన యెదుట సాక్షులై నిలుచును. చుట్టుప్రక్కల అమ్మకముల సగటు తక్కువైన దనగా, ఆ తక్కువను వ్రాసినవారము మనమే. అన్నదమ్ముల పంపకములు మూడు తరములు వ్రాతలేక వదలివేయుదుము. చెక్కు వచ్చినదాక కలసియుండి, వచ్చినపిదప కోర్టున కలిసికొందుము. అప్పుడు సొమ్ము డిపాజిటులో మ్రగ్గును. బాటమీదికి మెట్లను, మెట్లమీదికి వసారాను జరుపుకొని, ఇరువదియేండ్లకు దానిని పిత్రార్జిత మందుము. ఇట్టి చేతులతో పోయి న్యాయ మడుగుట కష్టము.

మా స్వవిషయ మొకటి చెప్పకున్న ఈ ప్రసంగము నిజాయితీ గాదు. మా స్వగ్రామపు పెద్దవీధిని వెడల్పుచేసినప్పుడు మా యింటి అరుగు పోయెను. దానిమీదనే మా తండ్రిగారు సాయంకాలమున వీధిపిల్లలకు లెక్కలు చెప్పెడివారు. శుక్రవారమునాడు తలుపున కాగిత మంటించిరి. సోమవారమునాడు యంత్రము వచ్చెను. నడుమ నున్నవి సెలవుదినములు. అప్పుడు మేము ఉద్యమములలో తిరుగుచు, ఊరూర ప్రజాధికారమును గూర్చి ఉపన్యసించుచుంటిమి. మా యింటి నోటీసు చదువుటకు మేము ఊరలేము. సొమ్ము చాలయేండ్లకు వచ్చెను. ఆ బాటమీద ఇప్పుడు బస్సులు పోవుచున్నవి; మంచి బాటయే. మా తండ్రిగారు చివరివరకు ఆ బస్సులలోనే ప్రయాణముచేసిరి. ఒకనాడు మాతో ననిరి: "బాటకు పోయిందన్న బాధ లేదురా. అడిగివుంటే నేనే ఇచ్చేవాణ్ణి. అడగలేదు, అదే బాధ."

ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. ఆ తరువాత మా యొద్దకు వచ్చిన కక్షిదారులలో నూటికి ఎనుబదిమంది హృదయమున నున్నది ఆ బాధయే యని మా నమ్మకము. ధరకై పోరాడువారు సయితము, మొదటి నోటీసు మనుష్యునకు మనుష్యుడు చెప్పినట్లు చెప్పియుండినచో, చాలవరకు పోరాడరు.

కాబట్టి చేయదగిన దేమి? మేము నాలుగు సూచనలు చేయుదుము. ఇవి గొప్పవి గావు, చేయగలిగినవి.

మార్గపు పటమును దాని ప్రత్యామ్నాయములతోకూడ, తెలుగులోను ఆ బస్తీవారి భాషలోను, నిర్ణయమునకు ముందే ప్రతి వార్డులోను పఠనమందిరములలోను గోడకు తగిలింపవలయును. ఈ మార్గమేల ఎన్నుకొంటిమి, ఆ మార్గమేల విడిచితిమి యని అందు వ్రాయవలయును. రహస్యముగ గీసిన గీటు న్యాయమైనదైనను అనుమానమునకు పాలగును.

గీటు వంగినప్పుడు కారణము చెప్పవలయును. దేవాలయమునకై వంగినదా, మసీదునకై వంగినదా, మెత్తని నేలకై వంగినదా, లేక పలుకుబడిగల పెద్దమనుష్యుని ప్రహరీకై వంగినదా? మొదటి మూడును జనులు హర్షింతురు. నాలుగవది ఒక్కటి జరిగినచాలు, వేయి యిండ్లవారు వేయి వ్యాజ్యములు వేయుదురు, వేయుట తప్పుగాదు.

స్టేషనుల చుట్టును పెరుగు భూమివిలువలో కొంత ప్రజలకు చేరవలయును. ఇల్లు పోయినవానికి నష్టము, ఇల్లు మిగిలినవానికి అదృష్టము అనునది న్యాయముగాదు. ఒకే వీధిలో ఎదురెదురు యిండ్లవారిలో ఒకడు నిర్గతికుడును మరియొకడు కోటీశ్వరుడును ఆ గీటువలననే యగుచున్నారు. ఆ లాభమునుండి కొంత పన్నుగ తీసికొని, కదలింపబడినవారికి ఆ స్టేషను దాపుననే నివాసములును దుకాణములును కల్పింపవలయును.

చివరిది మన పని. ప్రతి పఠనమందిరమునను ఇద్దరు వకీళ్లును, ఒక ఇంజనీరును, నలుగురు యువకులును కలసి ఒక చిన్న సంఘముగ నేర్పడవలయును. నోటీసు వచ్చిన యింటికి మూడు దినములలో పోవలయును. ఆక్షేపణ వ్రాసి యిచ్చుట, పంపకపు కాగితములు సరిచేయించుట, అద్దెదారుల పేరులు చేర్పించుట, మూడవ తెరగు ఆక్షేపణను మృదువుగ నిరుత్సాహపరచుట వారి కార్యములు. ఈ సేవకు జెండా అక్కరలేదు, జేజేలు అక్కరలేదు. మేము మా వంతునకు సిద్ధముగ నున్నాము.

సభాసదులారా, స్వరాజ్యమునకు ముందు బాటలు వేసినవాడు పరుడు. ఆక్షేపించుటయే ఆనాడు దేశభక్తి. నేడు బాట వేయువారమును మనమే, ఇల్లు విడుచువారమును మనమే. కనుక ఆక్షేపించుటయు చాలదు, ఆజ్ఞాపించుటయు చెల్లదు. ఆ వృద్ధురాలి ముప్పది గజములు బాటలో కలసిపోవలసియే యుండవచ్చును. మా గుమాస్తా తెల్లవారుజామున నిలుచుండక కూర్చుండి రావలసియు నున్నది. ఆమె గడప దగ్గరకు పోయి, చాపమీద కూర్చుండి, పటము విప్పి, "అమ్మా, ఇది యిట్లు కావలసియున్నది, మీ కేమి కావలెనో చెప్పుడు" అని యడుగుటకు ఒక్క అధికారి గడియసేపు వెచ్చించినచో, గోడమీది ఎర్రగీటునకు ఆమెయే దారి చూపును. అట్లడుగువారిని తయారుచేయుట ప్రభుత్వముపని. అడిగినప్పుడు ఊరినంతటిని తలచుకొని సమాధానము చెప్పుట మన పని.